నేను చదవని నాలుగు వరుసలు

అరవ లెక్కన ఆని నెల మూడో తేదీ, గురువారం, పొద్దున పదిన్నరకు మా తమ్ముడు అళగర్సామి పోయాడు. ఆ సమయానికి నేను ఐదో ఫారం పిల్లలకు ఉక్కు తీగ గురించి చెబుతున్నాను. రాయి వేలాడదీస్తే తీగ సాగుతుంది, రాయి తీసేస్తే మళ్ళీ తన మొదటి పొడవుకే వస్తుంది, ఇనుము తన రూపం మరచిపోదు అని నల్లబల్ల మీద రాస్తున్నాను. అప్పుడు ఊళ్ళో ఏదో లేకుండా పోయినట్టు అనిపించింది. తమ్ముడు పనిచేసే జిన్నింగు ఫ్యాక్టరీ ఆయిలింజను మా బడికి అర మైలు దూరంలో పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కొట్టుకుంటూనే ఉంటుంది. పత్తి కాలంలో కోవిల్‌పట్టిలో దాన్ని ఎవరూ వినరు. ఆగినప్పుడే వింటారు. పిల్లలు తలలెత్తి కిటికీ వైపు చూశారు. ఇటు చూడండి అన్నాను. వాక్యం పూర్తి చేశాను. చివర చుక్క కూడా పెట్టాను. ఆ చుక్క పెట్టేటప్పటికే అతను నేల మీద పడి ఉన్నాడని తరవాత లెక్క వేసుకున్నాను.

ఇవాళ్టికి నలభై మూడు దినాలు. ఆడి నెల గాలి కరిసల్ నల్లమన్నును లేపి రైలు పెట్టెలోకి పోస్తోంది. పళ్ళ మధ్య మన్ను కరకరమంటోంది. పొద్దుటి ప్యాసింజరు కోవిల్‌పట్టి వదిలి పది నిమిషాలైంది, విరుదునగరం చేరేదానికి ఇంకా గంటకు పైన పడుతుంది. ఊరి పేరు మార్చి పదేళ్ళు దాటినా ఈ పెట్టెలో అందరూ విరుదుపట్టి అనే అంటున్నారు. అక్కడ ఫ్యాక్టరీ ముదలాళి, అంటే యజమాని, కచేరీలో పది గంటలకు మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దొర విచారణ. దొరకు అరవం రాదు. ఆసారి చెల్లయ్య అరవంలో చెప్పేదాన్ని దొరకు ఇంగ్లీషులో చెప్పవలసింది నేను. ముదలాళి మనిషి వచ్చి, వాద్యారు కంటే నమ్మకమైనవాళ్ళు ఎవరున్నారు, పైగా పోయినవాడి అన్న, అన్నాడు. చెల్లయ్య నా ఎదురు బల్ల మీదే కూర్చున్నాడు. కొలిమి పనివాడు, అరవై దగ్గర పడ్డవాడు, చేతులు మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. అతని కాళ్ళ దగ్గర గోనెగుడ్డలో చుట్టిన జానెడు ఇనుప తునక ఉంది. తమ్ముడి మీద విరిగిపడిన షాఫ్టు కొస. దాన్ని తెమ్మని దొర రాశాడు. నా చొక్కా జేబులో ఒక ఉత్తరం ఉంది. దాన్ని తెమ్మని ఎవరూ రాయలేదు. అట్లాంటిదొకటి ఉందని జ్ఞాపకమున్నవాళ్ళు దానిలో ఏమీ లేదనుకుంటున్నారు. అట్లా అనుకునేట్టు చేసింది నేనే.

బొమ్మక్క వెనక ఆడవాళ్ళ పెట్టెలో ఉంది. అళగర్సామి పెండ్లాం. నేనూ వస్తాను అని నిన్న సాయంత్రం వాకిలి స్తంభంతో చెప్పింది. తెలుగు మాట్లాడే మా ఇళ్ళలో తమ్ముడి పెండ్లాం బావగారికి ఎదురుపడి మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే స్తంభానికి చెబుతుంది, గోడకు చెబుతుంది, నేను వింటాను, నేనూ స్తంభానికే జవాబిస్తాను. ఏడేళ్ళుగా ఇట్లాగే. "అన్నా, ఆ స్తంభాన్ని బడిలో చేర్పించు, మన ఇంట్లో దానికి తెలిసినన్ని సంగతులు ఎవరికీ తెలీవు" అనేవాడు అళగర్సామి. బొమ్మక్క లోపల్నించి నవ్వేది. నేను నవ్వనట్టు ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ స్తంభం దాకా వచ్చి ఆమె లోపలికి తిరిగి పోతుంది. నేను చేతిలో పుస్తకం పేజీ తిప్పుతాను. చదవకుండానే తిప్పుతాను.

ఆనికి రెండు నెలల ముందు, చిత్తిరై నెలలో బెల్టు జారి షాఫ్టుకు చుట్టుకుంది. షాఫ్టు అంటే ఫ్యాక్టరీ కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిరిగే పొడుగాటి ఉక్కు కడ్డీ. ఇంజను దాన్ని తిప్పుతుంది, అది పుల్లీల మీదుగా బెల్టులతో పత్తి గింజ తీసే మిషన్లన్నిటినీ తిప్పుతుంది. బెల్టు చుట్టుకుని లాగేసరికి అది రెండు వేళ్ళంత వంగింది. చెల్లయ్యను పిలిపించారు. రెండు దుంగల మీద పెట్టి సమ్మెటతో కొట్టి తిన్నగా చేశాడు. చేసినాక దాన్ని చేత్తో తడిమి, నాకిది నచ్చలేదు అన్నాడట. "వంగినప్పుడు ఎంత మొరాయించి ఉంటుందో అంత మొరాయించలేదు. రమ్మనగానే వచ్చేసింది. ఇట్లా లొంగే ఇనుమును నమ్మరాదు. గుంట తవ్వి బొగ్గు పోసి కాల్చి, బూడిదలో రెండు దినాలు పండబెట్టాల." రెండు దినాలు మిషన్లు ఆపేదానికి మేనేజరు పొన్నయ్యకు ఇష్టం లేదు. మద్రాసులో మిషన్లు అమ్మిన కంపెనీకి రాద్దాం, వాళ్ళు ఏమంటే అది, అన్నాడు. ఇంగ్లీషులో రాసింది నేను. జవాబు వచ్చినప్పుడు చదివిందీ నేను. కోవిల్‌పట్టిలో సగం ఊరికి తపాలు వస్తే వాద్యారింటికే తెస్తారు, కోర్టు కాగితమైనా కొలంబో నుంచి వచ్చే కొడుకు జాబైనా. చదివి చెప్పడం నాకు కొత్త కాదు. ఒక్క పొల్లు పోనివ్వడని పేరు.

ఫ్యాక్టరీ గేటు లోపల వేపచెట్టు కింద నిలబడి చదివాను. పొన్నయ్య, చెల్లయ్య, మా తమ్ముడు, ఇరవై మంది పనివాళ్ళు. ముందు ఇంగ్లీషులో గట్టిగా చదివి, తరవాత అరవంలో చెప్పమన్నారు. ఇంగ్లీషు వినేదానికి బాగుంటుందట. "చూడండి, కండ్లు మూసుకుంటే దొరే. మా అన్న ముక్కులోనించి చదివితే మద్రాసు కలెక్టరు లేచి నిలబడాల" అన్నాడు అళగర్సామి. అందరూ నవ్వారు. మొదటి భాగం సులువు. కొత్త షాఫ్టు రావడానికి ఐదు వారాలు. "ఐదు వారాలా!" అన్నాడు పొన్నయ్య. "అంతలోగా పత్తి మూటల్లో ఎలుకలు పెండ్లి చేసుకుని మనవళ్ళను ఎత్తుతాయి." మళ్ళీ నవ్వు. తరవాత నాలుగు వరుసలు. ఇంగ్లీషులో తడబడకుండా చదివాను. ఒక్కొక్క మాట తెలిసినదే, ఒక్క మాట తప్ప, కానీ అన్నీ కలిసి ఏమంటున్నాయో నాకు అందలేదు. బలం తిరగబడుతుందంటాడు, లోపల ఉండిపోయిందంటాడు. బయట ఏమీ లేని చోట లోపల ఏముంటుంది? మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలంటే అరనిమిషం పట్టేది. ఇరవై మంది నా నోటి వైపు చూస్తున్నారు. అళగర్సామి అందరికంటే ముందు నిలబడి, తనే చదివినట్టు ముఖం పెట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు నేను అరవంలో అన్నాను, జాగ్రత్తగా వాడుకోమంటున్నాడు అని.

"దీనికి మద్రాసునించి తపాలు కావల్నా?" అన్నాడు అళగర్సామి. "చట్టి పగలగొట్టొద్దురా అని మా అమ్మ చెప్పలేదా?" చెల్లయ్య మాత్రం నవ్వలేదు. ముందుకొచ్చి, "కాల్చమని ఏమైనా రాసినాడా, వాద్యారయ్యా?" అని అడిగాడు. పొన్నయ్య, "రాసి ఉంటే కాలుద్దాం ఆసారీ, నాకేం పంతమా" అన్నాడు. ఇద్దరూ నన్ను చూశారు. నాకు తెలియని ఆ ఒక్క మాట కాగితంలో నా బొటనవేలి కిందే ఉంది.

అట్లా ఏమీ లేదు అన్నాను.

నల్లి దాటింది. బండి వేగమందుకుంది. బల్ల కింద ఇరుసు తిరుగుతూ ఉంటుంది, దాని చప్పుడు వెన్నులోకి వస్తోంది. ఇది నాకు ఈ నలభై మూడు దినాల్లో పట్టుకున్న జబ్బు, దేన్ని చూసినా తిరిగేది ఎక్కడుందా అని వెతకడం. పదోదినం అయినాక పాళయంకోట్టైకి పోయి, కాలేజీలో తెలిసిన ఒకాయన్ని అడిగి ఒక పుస్తకం తెచ్చుకున్నాను. రైలు ఇరుసులు ఏళ్ళ తరబడి ఒకే బరువు మోస్తూ ఒక దినం ఉన్నట్టుండి ఎందుకు విరుగుతాయో దానిలో ఉంది. పై నుంచి బరువు నొక్కితే ఇరుసు కంటికి కనబడనంత వంగుతుంది. వంపుకు ఒక పక్క సాగుతుంది, ఇంకో పక్క నలుగుతుంది. అర చుట్టు తిరిగేసరికి సాగిన పక్క నలగాలి, నలిగిన పక్క సాగాలి. ప్రతి చుట్టుకూ ఇదే. ఒక్క బరువును ఎన్నేళ్ళయినా మోయగల ఉక్కు ఆ బరువే అటూ ఇటూ మారుతుంటే మోయలేదు. యాభై ఏళ్ళ కింద ఒక జర్మనీ పంతులు ఉక్కు కడ్డీని హద్దు మీరి ఒక వైపు లాగి, తరవాత దాన్నే వెనక్కి నొక్కి చూశాడట. లాగినప్పటికంటే తక్కువ బలానికే లొంగిపోయింది. ఆ మాట చదివి పుస్తకం మూశాను. రమ్మనగానే వచ్చేసింది అని చెల్లయ్య చెప్పింది అదే. అతను చేత్తో తెలుసుకున్నాడు. కాల్చకుండా కొట్టి సాపు చేసిన ఉక్కు తిన్నగా కనబడుతుంది, కానీ దాని లోపల ఒక పొర ఇంకా లాగుతూ, దాని పక్క పొర ఇంకా తోస్తూ, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోతాయి. దాని మీద మళ్ళీ చుట్టు. నిమిషానికి నూటెనభై చుట్లు, దినానికి పది గంటలు, ఆదివారాలూ రెండు పండగ దినాలూ పోగా ముప్పైయొక్క దినాలు. ముప్పైమూడు లక్షల నలభై ఎనిమిది వేలు. లెక్క మూడు సార్లు చేశాను, తప్పు వస్తుందేమోనని ఆశతో.

ఇంత పుస్తకం కూడా అక్కర్లేదు. బక్కెట్టు పిడికి తీగ కావాలంటే పటకారు లేకుండా ఎట్లా తెంపుతాం? అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం. వంచిన చోట వేలికి వెచ్చగా తగులుతుంది, తరవాత తెగుతుంది. చిన్నప్పుడు అళగర్సామికి ఆ పని నేర్పించింది నేను.

సాత్తూరు ముందు వైప్పారు వంతెన. గర్డర్ల మీద బండి శబ్దం మారింది. కింద ఇసుక, ఎక్కడో ఒక పాయ నీళ్ళు. స్టేషన్లో వెళ్ళరి దోసకాయలు అమ్మే ముసలామె కిటికీలోకి బుట్ట తోసి, "కొనకపోతే పోనీ, చూసేదానికి కూడా మొగం తిప్పుకుంటారా?" అంది. చెల్లయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె బుట్ట తీసుకుని పక్కకు జరిగినాక ఆ చోట బొమ్మక్క ఉంది. చేతిలో నీళ్ళ చెంబు. కొంగు నెత్తి మీదికి లాక్కుని ఉంది. నేను వెంటనే చూపు తిప్పుకున్నాను, అలవాటు. ఆమె రైలు పెట్టెతో మాట్లాడుతుందేమో అనుకున్నాను.

"బావా" అంది.

ఏడేళ్ళలో ఆ గొంతు నా వైపు తిరిగి రావడం ఇదే మొదలు. చెల్లయ్య కూడా తల వంచుకున్నాడు.

"బావా, నాకు ఇంగ్లీసు తెలీదు, అరవమూ సరిగా తెలీదు. అక్కడ వాళ్ళు ఏమేమో మాట్లాడతారు. మీరు గెట్టిగా చెప్పండ. చేసినవాణ్ణి విడిచిపెట్టొద్దండ." చెల్లయ్య రెండు మూరల దూరంలో ఉన్నాడని ఆమెకు తెలుసు. అతను వినాలనే చెప్పింది. అతనికి తెలుగు కొంచెం అర్థమవుతుందనీ తెలుసు. "ఆయన మీ మాట తప్ప ఇంకొకరి మాట వినలేదు. మీరు సరి అంటే సరి అన్నాడు. ఇప్పుడు ఆయన కోసరం మీరు చెప్పండ."

చెబుతాను అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. గార్డు ఈల ఊదాడు, ఆమె చెంబులో నీళ్ళు ఒలకకుండా అదే నడకతో వెనక పెట్టె వైపు పోయింది.

చెప్పవలసింది ఇంకొకటి ఉంది, ఇంతవరకు నాకు నేను కూడా సరిగా చెప్పుకోలేదు. చదివినప్పుడు అర్థం కాలేదన్నది నిజం. కానీ అది శనివారం. ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది, సోమవారం దాన్ని పట్టుకుని బడికి పోయి హెడ్‌మాస్టరు గదిలో ఉన్న పెద్ద నిఘంటువు తీసి ఆ మాట చూశాను. కాల్చి మెల్లగా ఆరనివ్వడం, అని ఉంది. నిలబడే చూశాను, కూర్చోలేదు. అప్పటికి షాఫ్టు పైకెక్కింది, ఇంజను డుబ్బు డుబ్బుమంటోంది, ఆ గదిలోకి వినబడుతూనే ఉంది. ఆ సాయంత్రం అళగర్సామి చేతులకు నూనె మరకలతో వచ్చి, "అన్నా, గాడి తప్పిన ఎద్దు దారికొచ్చింది. పాము మాదిరి తిరగతా ఉండాది" అన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. నేను తప్పు చదివాను, ఆపండి, అనేదానికి ఆరేడు మాటలు చాలు. రేపు పొన్నయ్య ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. మరునాడు ఫ్యాక్టరీ గేటు దాకా పోయాను. పొన్నయ్య, "రండి వాద్యారే, జాగ్రత్తగానే వాడుకుంటున్నాం" అని నవ్వాడు. నేనూ నవ్వి వచ్చేశాను. తరవాత, బాగానే నడుస్తున్నది కదా అనుకున్నాను. వారం నడిచినది, రెండు వారాలు నడిచినది, నడిచిన కొద్దీ గట్టిపడుతుందనుకున్నాను. నడిచిన కొద్దీ లోపల చీలిక ఒక వెంట్రుక వాసి ముందుకు పోతుందని తెలియదు. ఆ నాలుగు వరుసల చివర, తప్పనిసరైతే పుల్లీ బిగించే గాడి దగ్గర దినదినం కిరసనాయిలు పూసి తుడిచి సుద్దపొడి చల్లి చూడండి, చీలిక ఉంటే లోపలికి దిగిన నూనె సుద్దలోకి ఊరి నల్లగీతగా కనిపిస్తుంది, అప్పుడు ఇంజను ఆపండి, అని ఉంది. అది కూడా సోమవారమే అర్థమైంది. నా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. ముప్పైయొక్క దినాలు అది నా జేబులోనే ఉంది.

అందరి ఎదుట ఒక మాట తెలియదనడానికి సిగ్గుపడ్డాను, అంతే. దాని తరవాత వచ్చిందంతా ఆ సిగ్గును దాచుకోవడానికి.

తులుక్కపట్టిలో బండి ఊరికే నిలబడింది. ఎదురు బండికి దారి ఇవ్వాలట. చెల్లయ్య వంగి గోనెగుడ్డ విప్పాడు. "దొర అడిగితే ఏం చెప్పాల్నో చూసుకుందామని" అన్నాడు అరవంలో, తనలో తను అనుకున్నట్టు. విరిగిన ముఖం నా వైపు పెట్టాడు. సగానికి పైగా నున్నగా ఉంది, దాని మీద ఒకదాని లోపల ఒకటి వంపు గీతలు, ఎండకు కన్మాయి చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు గట్టు మీద మిగిలే గీతల్లాగా. మిగిలిన చోట గరుగ్గా, అప్పుడే పగలగొట్టిన కల్లుప్పు మాదిరి మెరుస్తోంది. "ఈ నున్నటిదంతా దినానికింత దినానికింత పోయింది" అని వేలితో చూపించాడు. "చివర ఈ ఉప్పుగల్లు మిగిలినంతే ఒక్క దినంలో పోయింది. నాకు చూడగానే తెలిసింది. నేను కొట్టింది తప్పు కాదా అంటే తప్పే. నాకు నచ్చలేదని ఇంకొక సారి గెట్టిగా అని ఉండాల్సింది. కానీ మద్రాసు కంపెనీవాడే ఏం లేదన్నాడు గదా, వాడి కంటే నాకెక్కువ తెలుసా అనుకున్నాను." చేతులు మళ్ళీ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.  "సమ్మెట ఎత్తలేకున్నా వాద్యారయ్యా. నలభై దినాలు. ఎత్తితే ఆ అబ్బాయి మొగం అగుపడతాది."

జేబులోంచి ఉత్తరం తీశాను. అంతకు ముందు తీద్దామని అనుకోలేదు. నాలుగు వరుసలూ అరవంలో చెప్పాను, ఒక్కొక్క మాటా, ఏదీ తగ్గించకుండా. కాల్చడం గురించీ, బూడిద గురించీ, సుద్ద గురించీ. చెల్లయ్య వింటున్నంతసేపు ఇనుప ముఖాన్నే చూశాడు. ఎదురు బండి గాలి కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి అడిగాడు.

"ఈ జాబు ఎప్పటిది?"

"చిత్తిరైది. ఆ దినం చదివిందే."

"అప్పుడు మీకు తెలీలేదు."

ఇక్కడ ఆగిపోవచ్చు. అతను నాకు జాగా ఇచ్చాడు. "శనివారం తెలీలేదు. సోమవారం తెలిసింది" అన్నాను.

 బండి కదిలింది. చెల్లయ్య గోనెగుడ్డ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టు మీద చుట్టు, బిడ్డకు చుట్టినట్టు. కొస దోపాక అన్నాడు, "నన్ను ఊళ్ళో హంతకుడన్నారు. నా పెండ్లాం కూడా ఒక దినం అనింది. మిమ్మల్ని కొట్టాలని ఉంది వాద్యారయ్యా. చెయ్యి లేవదు." నేను కాగితం మడిచాను. "దొరకు చెబుతారా?"

"చెబుతాను. ఈ కాగితం ఆయన చేతికే ఇస్తాను."

"దొరకు చెప్పడం ఏం గొప్ప. వాడు మధ్యాన్నం బండికి మద్రాసు పోతాడు." వెనక పెట్టె వైపు గడ్డం ఊపాడు. "ఆ అమ్మ మీ ఇంట్లో ఉండేది. మొదట ఆమెకు చెప్పండి. ఇన్ని దినాలూ నన్ను చూసినట్టు మిమ్మల్ని చూడనీండి."

విరుదునగరం వచ్చింది. మిరపకాయల ఘాటు, నూనె మరల వాసన, కూలీల కేకలు. చెల్లయ్య తునకను భుజాన వేసుకుని ముందు దిగాడు. నేను గొడుగు తీసుకుని దిగాను. బొమ్మక్క ఆడవాళ్ళ పెట్టె పక్కన నిలబడి ఉంది. ఇందాక కిటికీ దగ్గర మాట్లాడిన మనిషి కాదు, మళ్ళీ కొంగు ముందుకు లాక్కుని మొగం పక్కకు తిప్పుకుంది. మా ఇద్దరి మధ్య పది అడుగుల దూరం ఉంటుంది. స్టేషను వాకిట్లో స్తంభాలు చాలా ఉన్నాయి. ఇది స్తంభానికి చెప్పే మాట కాదు. ఆమె మొగం చూసి చెప్పాలి, తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో చదివాను, అరవంలో చెప్పాను. తెలుగులో ఆ నాలుగు వరుసలు ఇంకా ఎవరికీ చెప్పలేదు. పోదామా అన్నట్టు ఆమె ఒక అడుగు వేసి ఆగింది. గడియారంలో తొమ్మిదింపావు. కచేరీ ఇక్కడికి అర మైలు. నేను ముందు నడిచాను, ఆమె వెనక వస్తోంది.

బొమ్మక్కకు ఇంకా చెప్పలేదు.